ఉలవలు ఉడికే వాసన

ఉలవలు పొయ్యెక్కిన అరగంటకి తడిమట్టి వాసన వస్తుంది. ఇంకో గంటకి అది చిక్కబడి, కాస్త తీపిగా, కాస్త చిరుచేదుగా మారుతుంది. కుక్కర్లో పెడితే ఈ రెండో వాసన బైటికి రాదు. మొన్న విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో ఎవరో కట్టెలపొయ్యి మీద పెద్ద అండా పెట్టారు. ఆ సందు దాటేలోపే పాత జట్కాల స్టాండు మొత్తం ముక్కులోకి వచ్చేసింది. ఉడికిన ఉలవ, చెమటకి తడిసిన తోలు, గుర్రపు లద్దె, చక్రం ఇరుసుకి పూసిన ఆముదం.

ఆ రాత్రి ఫోన్లో కా యింగ్ రైజింగ్ పరుగు మళ్ళీ పెట్టుకుని చూశాం. 2025 అక్టోబర్లో హాంకాంగ్ నుంచి సిడ్నీకి వెళ్ళి, రాండ్విక్ మైదానంలో ఎవరెస్ట్ పందెం కొట్టేసిన గుర్రం. 1200 మీటర్ల దూరం, రెండు కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల సొమ్ము. బయటి దేశంలో తర్ఫీదైన గుర్రం ఆ పందెం గెలవడం అదే మొదలు. పైన జాకీ జాక్ పర్టన్. నిమిషమ్మీద పది సెకన్లు కూడా పట్టని పరుగు అది. చూసేవాళ్ళకి జాకీ కనిపిస్తాడు, గీత కనిపిస్తుంది. జట్కా స్టాండు చుట్టూ పెరిగినవాళ్ళ కళ్ళు మాత్రం గిట్టల మీదికి, ఆ తర్వాత డొక్కల మీదికి పోతాయి. గుర్రం పొరుగూరు వెళ్ళి మేత మానేసిందా, నీళ్ళు తాగిందా అన్నది డొక్క చూస్తే తెలిసిపోతుంది.

*

మద్రాసు మెయిలు వచ్చే వేళకి స్టేషను బయట బళ్ళు వరసకట్టేవి. రైలు కూత కంటే ముందు గుర్రాలే చెవులు నిక్కించేవి. బండివాళ్ళు అప్పుడు బీడీలు ఆర్పేవాళ్ళు. ఆమదాలవలసలో, అంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో కూడా ఇదే వరస. కాకపోతే అక్కణ్ణుంచి శ్రీకాకుళం ఊళ్ళోకి పదమూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి అక్కడి గుర్రాలు గట్టివి, బండివాళ్ళు బేరానికి మరీ గట్టివాళ్ళు. విజయనగరంలో స్టేషను నుంచి మూడు లాంతర్ల కూడలి దాకానో, కోట దాకానో చిన్న బాడుగలు. ఓ గుర్రం రోజుకి పది పన్నెండు సార్లు తిరిగేది.

జట్కాకి రెండే చక్రాలు. బరువంతా ఇరుసు మీద సరిగ్గా కూర్చోవాలి. వెనక్కి బరువైతే ముందు కర్రలు పైకి లేచి, గుర్రం కడుపు కింది పట్టా కోసుకుపోతుంది. ముందుకి బరువైతే వీపు మీద జీను నొక్కి పుండు పడుతుంది. అందుకే ఎక్కగానే ఆ పాట మొదలయ్యేది: "బాబూ, కాస్త ముందుకి జరగండి, బండి తేలిపోతంది." ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు వెనక్కి. మన సౌకర్యం కోసం చెప్తున్నాడని పిల్లలం అనుకునేవాళ్ళం. ఆ మాట గుర్రం కోసం. జాకీలు రికాబుల మీద లేచి, నడుము వంచి, గుర్రం మెడవైపు బరువు పెట్టి తోలడంలోనూ ఉన్న సంగతి ఇంతే. పరిగెత్తే గుర్రం బరువు ఎక్కడుంటే తన బరువూ అక్కడే ఉండాలి.

*

స్టాండులో ఒక ముసలాయన ఉండేవాడు. కుర్రతనంలో కలకత్తా పోయి, గుర్రప్పందేల లాయాల్లో సైసుగా, అంటే గుర్రాల్ని చూసుకునేవాడిగా, చేసి తిరిగొచ్చినవాడు. మన జిల్లాల నుంచి రంగూనికీ ఖరగ్‌పూరికీ కలకత్తాకీ వలసపోయిన వేలమందిలో ఒకడు. అందరూ కలకత్తా తాత అనేవాళ్ళు. ఆయన బండి తోలేవాడు కాదు. ఎవరి గుర్రానికి ఏం వచ్చినా ముందు ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు. డొక్కకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. గుడగుడమని వినిపిస్తే పర్వాలేదు. ఏ చప్పుడూ లేకపోతే లేచి, "నడిపించండిరా, పడుకోనీకండి" అనేవాడు.

ఆయన చెప్పే కథలన్నిట్లోకీ ఎప్సమ్ డెర్బీ కథకి గిరాకీ ఎక్కువ. 1934లో గుజరాత్‌లోని రాజ్‌పిప్లా మహారాజా గుర్రం విండ్సర్ లాడ్ ఇంగ్లండులో డెర్బీ గెలిచింది. అందరూ డబ్బు కాసింది కొలంబో అనే గుర్రం మీద. అది మూడోది అయింది. విండ్సర్ లాడ్ ఐర్లండులో పుట్టింది, శిక్షణ ఇంగ్లండువాళ్ళది. అయినా గుర్రం మన రాజుది కదా, అందుకని కలకత్తా లాయాల్లో సైసులు మిఠాయి పంచుకున్నారట. అదే ఏడు సెయింట్ లెజర్ కూడా గెలిచింది. తాత ఈ ముక్క చెప్పేటప్పుడు కొరడా చేతికి తీసుకునేవాడు, ఆఖరి మలుపు దగ్గర గాల్లో ఓసారి ఝళిపించేవాడు. (రెండేళ్ళకి, 1936లో, మన విజ్జీ, అంటే విజయనగరం రాజకుమారుడు, ఇండియా క్రికెట్ జట్టుకి కెప్టెనుగా అదే ఇంగ్లండు వెళ్ళాడు. ఆ కథ విజయనగరంలో ఎవరూ అంత ఉత్సాహంగా చెప్పరు.)

ఇంకో కథ ఫార్ లాప్‌ది. న్యూజిలాండులో పుట్టి, ఆస్ట్రేలియాలో పరిగెత్తి, 1930లో మెల్‌బోర్న్ కప్పు గెలిచిన గుర్రం. ఆ తర్వాత ఓడెక్కించి అమెరికాకి తీసుకెళ్ళారు. పందేనికి ముందు గిట్ట చీలింది. అయినా 1932 మార్చి 20న మెక్సికోలోని ఆగ్వా కాలియెంతేలో గెలిచింది. ఏప్రిల్ 5న కాలిఫోర్నియాలో చచ్చిపోయింది. మధ్యలో పదహారు రోజులు. "దాని గుండె ఇంతుందిరా" అని తాత రెండు చేతులూ దూరంగా పెట్టి చూపించేవాడు. ముసలాయన కోతలనుకునేవాళ్ళం. తర్వాత చదివితే నిజమే: ఆ గుండె బరువు 6.2 కిలోలు. మామూలు గుర్రానికి నాలుగు కిలోల దరిదాపు ఉంటుంది. గుండె కాన్‌బెర్రాలో, చర్మం మెల్‌బోర్న్‌లో, ఎముకలు వెల్లింగ్టన్‌లో ఇప్పటికీ ప్రదర్శనలో ఉన్నాయి. వెంట్రుకల్ని పరీక్షిస్తే చనిపోయే ముందు పెద్ద మోతాదులో ఆర్సెనిక్ ఒంట్లోకి వెళ్ళినట్టు కనిపించింది. ఎవరైనా పెట్టారా, అప్పటి టానిక్కుల్లోంచి వచ్చిందా అన్న గొడవ మాత్రం తెగలేదు. తాతది ఒకటే మాట: "కొత్తూరిలో గుర్రానికి తెలీనోడిచేత మేతెట్టించకూడదు."

*

దాణా సంగతికి వద్దాం. మన జట్కా గుర్రాలు పొట్టివి, చాలావాటికి మూడొందల కిలోల బరువు కూడా ఉండేది కాదు. అలాంటిదానికి రోజుకి కిలోన్నర ఉలవలు, అంతే తవుడు, గుప్పెడు ఉప్పు, ఆపైన కడుపుకి పట్టినంత గడ్డి. పెద్దచెరువు గట్టు మీద కోసిన గరికంటే వాటికి ప్రాణం. గరికని దులిపి, వేళ్ళ మట్టి కడిగి పెట్టాలి. ఆ మట్టీ ఇసకా రోజూ కడుపులోకి పోతే నెలల తరబడి పేగులో పేరుకుని, ఓ రాత్రి శూల వస్తుంది.

ఉలవల్ని రాత్రి నానబోసి, తెల్లారుజామున ఉడకబెట్టాలి. గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే పొట్టు జారి, పప్పు పేస్టులా నలగాలి. లోపల పలుకు తగిలితే ఇంకో పావుగంట మంట పెట్టాలి. తొందరపడి పచ్చివో, సగం ఉడికినవో పెడితే అవి కడుపులో ఉబ్బుతాయి. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు. దాని గొంతుకీ కడుపుకీ మధ్య ఉన్న కండ ఒకవైపే తెరుచుకుంటుంది. అందుకే మనకి అజీర్తితో పోయేది దానికి ప్రాణం మీదికి వస్తుంది. ముందుకాలితో నేల గీకుతుంది, తిరిగి తిరిగి తన డొక్క చూసుకుంటుంది, ఆపైన పడి దొర్లుతుంది. వాము కషాయం సీసాతో గొంతులో పోయడం అప్పటి వైద్యం. తాత మాత్రం సీసా పట్టుకున్నవాణ్ణి తిట్టేవాడు. అది కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతే శూల కంటే ముందే గుర్రం పోతుంది. పశువుల డాక్టరు ముక్కులోంచి గొట్టం వేసి మందు పోస్తాడు. అదొక్కటే సరైన దారి.

సెలవు రోజు దాణా గురించి ఎక్కడా రాసి ఉండేది కాదుగానీ స్టాండులో అందరికీ తెలుసు. బందో, వానో వచ్చి గుర్రం రోజంతా కట్టేసి ఉంటే ఉలవలు సగానికి తగ్గించాలి. తగ్గించకపోతే మర్నాడు బండి కట్టిన అరమైలుకే వెనక కాళ్ళు బిగుసుకుపోతాయి, తొడలు రాయిలా అవుతాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. అప్పుడిక అడుగు కూడా నడిపించకూడదు. బండి విప్పేసి, అక్కడే నిలబెట్టి, గోనె కప్పి, నీళ్ళు పెట్టాలి. శూలకి నడిపించాలి, దీనికి నడిపించకూడదు. ఈ తేడా తెలీక గుర్రాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

నీళ్ళ విషయంలో మాత్రం మనవాళ్ళు అతి చేశారనే అనాలి. పరుగు దిగిన గుర్రానికి చెమట ఆరేదాకా చుక్క పెట్టేవాళ్ళు కాదు. ఎండలో గంటసేపు దాహంతో నిలబెట్టడం కూడా హానే. ఇప్పుడు పందేల మైదానాల్లో దిగీ దిగగానే కొద్దికొద్దిగా తాగించి, మధ్యలో నడిపిస్తారు, ఒంటి మీద నీళ్ళు పోస్తారు. తాత కలకత్తా పద్ధతి కూడా ఇదే. పది గుటకలు, తర్వాత పెద్దచెరువు గట్టు మీద నాలుగు చాళ్ళు, మళ్ళీ పది గుటకలు. స్టాండులో ఆయన మాట అన్నిట్లోనూ విన్నారుగానీ ఇందులో వినలేదు.

*

లాడాలు కొట్టే సాయిబు నెలకోసారి వచ్చేవాడు. గిట్ట నెలకి సెంటీమీటరుకి కాస్త తక్కువ పెరుగుతుంది. అయిదారు వారాలు దాటితే లాడం కొత్త గోరుకి చాలక లోపలికి నొక్కుతుంది. ఆయన సంచిలో గోరుకత్తి, పటకారు, ఆకురాయి, సుత్తి, చిన్న దాగలి ఉండేవి. వీటికి తోడు నోట్లో మేకులు. మాట్లాడాలంటే మేకులు ఒక చెంపకి తోసుకునేవాడు.

దగ్గరగా కూర్చుని చూస్తే ఆ పని ఇలా సాగేది. గుర్రం కాలు ఎత్తి తన తొడల మధ్య ఇరికించుకుంటాడు. పాత మేకుల వంపులు సుత్తితో లేపి, లాడాన్ని మడమ వైపు నుంచి పటకారుతో ఊడదీస్తాడు. ముందు నుంచి లాగితే గోరు పెచ్చు లేస్తుంది. పెరిగిన గోరు కత్తిరించి, ఆకురాయితో చదును చేస్తాడు. అడుగున మధ్యలో ఉండే మెత్తటి మూడుమూలల భాగాన్ని చెక్కడు, కుళ్ళింది మాత్రం తీస్తాడు. ఆ మెత్తటి భాగం నేలకి తగిలినప్పుడల్లా కాలి రక్తం పైకి పోతుంది. లాడాన్ని గిట్టకి తగ్గట్టు సాగగొడతాడు కానీ గిట్టని లాడానికి తగ్గట్టు కోయడు. ఆ తర్వాత మేకులు. బయట వైపు నాలుగు, లోపలి వైపు మూడు. గిట్ట గోడలో గట్టి భాగానికీ లోపలి ప్రాణమున్న భాగానికీ మధ్య ఓ తెల్లగీత ఉంటుంది. మేకు ఆ గీత బయటే ఉండాలి. మేకు గోరులో దిగుతుంటే సుత్తి చప్పుడు టంగుటంగుమని గట్టిగా వస్తుంది. మెత్తగా, బోలుగా వినిపించిందా, లోపలికి పోతున్నట్టే. సాయిబు వెంటనే లాగేసేవాడు. ఇది కళ్ళతో చేసే పని కాదు.

తప్పు జరిగితే ఆ రోజు తెలీదు. రెండో రోజుకి గుర్రం కాలు పైకి పట్టుకుంటుంది, గిట్ట చేతికి వెచ్చగా తగులుతుంది. ఆ మేకు ఒక్కటీ తీసి, ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళలో పావుగంట కాలు ముంచి, ఉడికిన తవుడు గుడ్డలో కట్టాలి. మరో వారం బండి కట్టకూడదు. ఆ వారం బండివాడి ఇంట్లో పొయ్యి సంగతి ఎవరూ అడగరు. అందుకే సాయిబుకి కూలి తగ్గించమని ఎవరూ బేరమాడేవాళ్ళు కాదు.

జట్కాకి ఇనప లాడం. తారు రోడ్డు మీద ఇనుము వేగంగా అరుగుతుంది, వాన పడితే జారుతుంది. పందెపు గుర్రాలకి అల్యూమినియం. ఒక్కోటి వంద గ్రాముల దరిదాపు. పరుగులో కాలు ముందుకి విసిరేటప్పుడు గిట్ట చివర ఉన్న బరువే ఎక్కువ లాగుతుంది కాబట్టి ఆ తేడా చిన్నది కాదు. విదేశానికి తీసుకెళ్ళే గుర్రానికి చాలామంది ప్రయాణం ముందురోజు లాడం మార్చరు. వారం ముందే కొట్టించి, కాలు కుదురుకుందో లేదో చూసుకుని బయల్దేరతారు.

*

బ్లాక్ కేవియర్ ఇంగ్లండు వెళ్ళేనాటికి స్టాండులో జట్కాలు రెండో మూడో మిగిలాయి. ఆటోలొచ్చి అప్పటికి చాన్నాళ్ళయింది. సాయిబు కళ్ళు మసకబారి ఇంట్లోనే ఉండేవాడు. అయినా ఆ జూన్ శనివారం, 2012 జూన్ 23, రాత్రి ఎనిమిది దాటాక పాత బండివాళ్ళు ఓ నెట్ సెంటర్లో కంప్యూటరు చుట్టూ మూగారు. ఎవరి మనవడో పెట్టాడు. బయట తొలకరి జల్లు.

ఆస్ట్రేలియా ఆడగుర్రం. అప్పటికి ఇరవై ఒక్క పందేలు, ఇరవై ఒక్క గెలుపులు. పీటర్ మూడీ శిక్షణ. మెల్‌బోర్న్ నుంచి లండనుకి ముప్ఫై గంటల దాకా ప్రయాణం. కండరాలు వాచకుండా ఒంటికి బిగుతుగా అతుక్కునే తొడుగు వేసి విమానం ఎక్కించారు. ఆ ఫోటో పేపర్లో చూసి స్టాండంతా నవ్వింది, "గుర్రానికి బనీనేటిరా" అని. నవ్వనిది సాయిబు ఒక్కడే.

విమానంలో గుర్రం ఇరుకు పెట్టెలో నిలబడే ఉంటుంది. నిలబడి కునుకు తీయడం దానికి కష్టం కాదు. కష్టం తల దగ్గర వస్తుంది. మేసేటప్పుడు తల కిందికి ఉంటుంది కాబట్టి ముక్కులోంచి, గొంతులోంచి దుమ్మూ చీమిడీ దానంతట అవే జారిపోతాయి. గంటల తరబడి తల ఎత్తి కట్టేస్తే అవి ఊపిరితిత్తుల్లోకి దిగి, దిగిన రెండు రోజులకి జ్వరం, న్యుమోనియా. గుర్రానికి నోటితో ఊపిరి పీల్చడం చేతకాదు, అంతా ముక్కుతోనే. అందుకే తాడు పొడుగ్గా వదులుతారు, ఎండుగడ్డి వల కిందికి కడతారు, గడ్డిని తడిపి దుమ్ము లేకుండా చేస్తారు. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ గడ్డి నములుతూ ఉంటే చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటుంది. ప్రయాణం రోజు గింజ ధాన్యం ఆపేసి, గడ్డీ నీళ్ళూ మాత్రమే. సెలవు రోజు ఉలవలు తగ్గించిన లెక్కే ఇది. కలకత్తా తాత రైల్లో గుర్రాల పెట్టెలో ఇదంతా చేసేవాడు, మేతగంప నేల మీదే పెట్టేవాడు. ఎందుకంటే "తల దించుకోనీరా, దానికే తెలుసు" అనేవాడు.

నీళ్ళది ఇంకో చిక్కు. కొత్తూరి నీళ్ళ వాసన నచ్చక గుర్రం మూతి తిప్పేస్తుంది. ఇంటి దగ్గరే నీళ్ళలో కాస్త బెల్లంపాకమో, ఆపిల్ రసమో కలిపి అలవాటు చేసి, అక్కడా అదే కలుపుతారు. ఇంత చేసినా దూరప్రయాణంలో గుర్రం పాతిక కిలోల దాకా తగ్గొచ్చు. మెల్‌బోర్న్‌లో జూన్ అంటే చలికాలం. లండన్‌లో ఎండాకాలం. పగలు చిన్నదైతే గుర్రానికి బొచ్చు పెరుగుతుంది. ఆ బొచ్చుతో ఎండాకాలంలోకి దిగడం దానికి శిక్షే.

ఆస్కాట్‌లో డైమండ్ జూబిలీ స్టేక్స్. ఆరు ఫర్లాంగులు, తిన్నగా, చివర ఎత్తు. కంప్యూటరు మధ్యలో ఓసారి ఆగి చక్రం తిరిగింది. మనవడి నెత్తి మీద ఓ మొట్టికాయ పడింది. మళ్ళీ కదిలేసరికి బ్లాక్ కేవియర్ ముందుంది. జాకీ ల్యూక్ నోలెన్ గెలిచేశామనుకుని చివరి అడుగుల్లో చేతులు వదిలేశాడు. ఫ్రాన్స్ గుర్రం మూన్‌లైట్ క్లౌడ్ పక్కనుంచి దూసుకొచ్చింది. అతను ఉలిక్కిపడి మళ్ళీ తోలాడు. తలకాయంత తేడాతో గట్టెక్కింది. నెట్ సెంటర్లో ఒక్క క్షణం ఎవరికీ ఊపిరాడలేదు. తర్వాత ఒకాయన, "రౌతు కొద్దీ గుర్రమని ఊరికే అన్నారేటి" అని కుర్చీలో కూలబడ్డాడు. రాణి ఎలిజబెత్ కిందికి దిగి వచ్చి గుర్రం మూతి నిమిరింది. నోలెన్ తప్పు ఒప్పుకున్నాడు. తర్వాత పరీక్ష చేస్తే వెనక భాగంలో కండరం చిరిగిందని తేలింది. అంటే ఆ పందెం అది నొప్పితోనే పరిగెత్తింది. మొత్తం ఇరవై అయిదు పందేలు, ఇరవై అయిదూ గెలిచి రిటైరయింది.

2024 ఆగస్టు 17న, పద్దెనిమిదో పుట్టినరోజుకి ముందురోజు, గిట్టల జబ్బుతో పోయింది. గోరుకీ లోపలి ఎముకకీ మధ్య ఉండే మెత్తటి పొర వాచి, పట్టు వదిలేసే జబ్బు. గిట్టలు వేడెక్కుతాయి, గుర్రం బరువంతా మడమల మీదికి నెట్టి, ముందుకాళ్ళు చాపుకుని నిలబడుతుంది. జట్కా గుర్రాల్లోనూ చూశాం. ఎక్కువ గింజ తిన్న వాటిలో, ఈనాక జ్వరం తగిలిన వాటిలో వచ్చేది.

*

మన దేశంలో పుట్టిన గుర్రం అలా బయటికి వెళ్ళి గెలవడం ఎందుకంత అరుదు అని స్టాండులో ఎప్పుడూ వాదన. గుర్రాలు చాలవనేవాళ్ళు, డబ్బు చాలదనేవాళ్ళు. అసలు అడ్డు రోగాల దగ్గరుంది. గుర్రాలకొచ్చే కొన్ని అంటురోగాలు మన దగ్గర ఉన్నాయన్న కారణంగా యూరప్ దేశాలు ఇక్కడి గుర్రాల్ని నేరుగా రానివ్వవు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ (గుర్రం చేత లయగా అడుగులు వేయించే పోటీ) జట్టు స్వర్ణం గెలిచింది కదా, ఆ రౌతులు శిక్షణ పొందిందీ, గుర్రాలు ఉండిందీ యూరప్‌లోనే. 2025లో మీరట్‌లోని సైన్యం గుర్రాల కేంద్రంలో రోగాల్లేని ప్రత్యేక ఆవరణకి అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ గుర్తింపు దక్కింది. ఇక్కడ పెరిగిన గుర్రం ఇక్కణ్ణుంచే విమానం ఎక్కడానికి అదే తొలిమెట్టు. తాత బతికుంటే ఆవరణలో గడ్డి ఎక్కణ్ణుంచి తెస్తున్నారని ముందు అడిగేవాడు.

*

మర్నాడు అదే సందులోకి మళ్ళీ వెళ్ళాం. పొయ్యి దగ్గరున్నావిడ అండాలోంచి ఉలవకట్టు వంచి, గుడ్డలో వడకడుతోంది. చారుకట. ఓ హోటలుకి రోజూ పంపిస్తుందట. గిన్నె పక్కన పీటమీద ఉడికిన ఉలవలు కుప్ప, పొట్టు జారి, ఆవిరి కక్కుతూ.

"వీటినేం చేస్తారమ్మా?"

"ఏటి సేత్తాం బాబూ, ఎవులూ తినరు. ఇదివరకైతే మా అత్త గంపలో ఎత్తుకుని టేసను కాడికి ఎల్లీది."